విల్లీ లోమన్ ఇంటి లెక్కలు

ఊళ్లు తిరిగి ఇంటికొచ్చిన విల్లీ లోమన్ భార్య దగ్గర గొప్పలు పోతాడు. ప్రావిడెన్స్‌లో అయిదొందల సరుకు, బోస్టన్‌లో ఏడొందల సరుకు అమ్మేశానంటాడు. లిండా ఏప్రన్ జేబులోంచి పెన్సిలూ కాగితమూ తీసి చకచకా కమిషన్ లెక్కకడుతుంది. 212 డాలర్లు! ఆమె సంబరం చూశాక విల్లీ నసగడం మొదలుపెడతాడు. అంత కాదులే, మొత్తం ట్రిప్పు మీద ఓ రెండొందల సరుకు పోయి ఉంటుంది, బోస్టన్‌లో మూడు షాపులు స్టాకు లెక్కలు చూసుకుంటూ సగం మూసేసి ఉన్నాయి, లేకపోతేనా... కమిషన్ కాస్తా డెబ్బై డాలర్ల చిల్లరకు దిగుతుంది. అదీ మంచిదేనంటుంది లిండా. ఆ వెంటనే బాకీల జాబితా చదువుతుంది. ఫ్రిజ్‌కి 16 డాలర్లు, వాషింగ్ మెషీన్‌కి 9 డాలర్ల 60 సెంట్లు, వాక్యూమ్ క్లీనర్ వాయిదా మూడున్నర, ఇంటి కప్పు రిపేరులో మిగిలింది 21, కార్బురేటర్ బాగుచేసిన మెకానిక్‌కి మరో మూడున్నర. చిల్లరమల్లర ఖర్చులన్నీ కలిపి పదిహేనో తేదీలోపు 120 డాలర్ల దాకా కట్టాలి. కాసేపటి క్రితం షెవర్లే లాంటి కారు భూమ్మీదే లేదన్న మనిషి, మెకానిక్ బిల్లు సంగతి వినగానే ఆ కారు తయారీని నిషేధించాలని మండిపడతాడు.

ఆర్థర్ మిల్లర్ రాసిన ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ నాటకంలో ఇది నవ్వు తెప్పించే దృశ్యం. కానీ నాటకం మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉంది. ఈ నాటకంలోని ప్రతీకల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఓ పట్టిక వేసేస్తారు. మేజోళ్లంటే ద్రోహం, విత్తనాలంటే ఆశ, వజ్రమంటే విజయం. అది తప్పని కాదు, పరీక్షకు పనికొస్తుంది కూడా. కాకపోతే అలా చదివితే నాటకం పొడిపొడిగా మిగులుతుంది. ఇక్కడ ప్రతీకలన్నీ ముందు వస్తువులు. ఒక్కోదానికీ ఓ ధరో, ఓ వాయిదానో, ఓ గడువో ఉంది. చివరికి విల్లీ తన ప్రాణాన్ని కూడా అదే జాబితాలో వేసుకుంటాడు, 20,000 డాలర్ల దగ్గర.

కథ చిన్నదే. విల్లీకి 63 ఏళ్లు. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో కాపురం, అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లాండ్ ఊళ్లన్నీ కారులో తిరిగి సరుకు అమ్మడం ఉద్యోగం. ఒకే కంపెనీలో ముప్పై ఏళ్లు దాటిపోయాయి. ఇప్పుడు జీతం తీసేసి కమిషన్ మీద మాత్రమే పనిచేయమన్నారు. పెద్ద కొడుకు బిఫ్‌కి 34 ఏళ్లొచ్చినా ఎక్కడా నిలదొక్కుకోలేదు. చిన్నవాడు హ్యాపీ, తండ్రి లాగే కోతలరాయుడు. దాదాపు ఇరవై నాలుగు గంటల్లో విల్లీ ఉద్యోగం పోగొట్టుకుంటాడు, కొడుకుతో తెగేదాకా గొడవపడతాడు, కారు తీసుకెళ్లి ప్రాణం తీసుకుంటాడు. 1949 ఫిబ్రవరి 10న న్యూయార్క్‌లోని మొరాస్కో థియేటర్‌లో ఎలియా కజాన్ దర్శకత్వంలో మొదటి ప్రదర్శన జరిగింది. 63 ఏళ్ల విల్లీగా నటించిన లీ జె. కాబ్‌కి అప్పటికి 37 ఏళ్లే. నాటకం 742 ప్రదర్శనలు ఆడింది, ఆ ఏడాది పులిట్జర్ బహుమతి దానికే వచ్చింది.

మిల్లర్ మొదట అనుకున్న పేరు వేరు: ‘ది ఇన్‌సైడ్ ఆఫ్ హిజ్ హెడ్’. వేదిక నిండా ఓ పెద్ద తలకాయ, అది తెరుచుకుంటే లోపల కథ జరగాలని ఊహించాడట. ఆ తలకాయ పోయి దాని స్థానంలో ఇల్లు వచ్చింది. రంగాలంకరణ చేసిన జో మీల్జినర్ ఆ ఇంటికి గోడలు లేకుండా చట్రం మాత్రమే వేశాడు. నటులకు ఓ నియమం ఉంది. కథ ప్రస్తుతంలో నడుస్తున్నప్పుడు గోడ ఉందనుకుని తలుపులోంచే రావాలి. విల్లీ జ్ఞాపకాల్లోకి జారినప్పుడు గోడ ఉండాల్సిన చోటు నుంచి నేరుగా నడిచి వచ్చేయొచ్చు. ఇది గతం, ఇది వర్తమానం అని ఎవరూ చెప్పక్కర్లేదు, నటుడు గోడను పట్టించుకున్నాడా లేదా అన్నది చూస్తే చాలు. ఒక మనిషి బుద్ధి పట్టు తప్పుతోందని చూపించడానికి ఇంత తక్కువ ఖర్చుతో దొరికిన ఉపాయం మరొకటి లేదేమో.

ఆ ఇంటి చుట్టూ అపార్ట్‌మెంట్లు మూసుకొచ్చి ఉంటాయి. ఒకప్పుడు పెరట్లో రెండు ఎల్మ్ చెట్లుండేవి, బిఫ్‌తో కలిసి వాటికి ఉయ్యాల కట్టాడు విల్లీ. బిల్డర్ వాటిని కొట్టేశాడు. ఇప్పుడు పెరట్లో గడ్డి కూడా మొలవదు, కిటికీ తెరిస్తే ఎదుటివాళ్ల గోడే. ఇక ఆ ఇంటి అప్పు 25 ఏళ్లది, చివరి వాయిదా ఒక్కటే మిగిలింది. అంటే అప్పు తీరి ఇల్లు సొంతమయ్యే నాటికి, తాను ఏ ఇంటికోసం అప్పు చేశాడో ఆ ఇల్లు అక్కడ లేదు. ఫ్రిజ్ గురించి విల్లీ అన్న మాట కూడా ఇదే బాధ: జీవితంలో ఒక్కసారైనా ఏదో ఒక వస్తువు పాడైపోకముందే నాది అనిపించుకోవాలని ఉంది. కారు వాయిదాలు అయిపోయేసరికి కారు అయిపోతోంది. కంపెనీలు కావాలనే ఆ లెక్కన తయారుచేస్తాయని అతని అనుమానం. ఈఎంఐలు కట్టే వాళ్లెవరికీ ఈ టెన్షన్ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ నాటకం వచ్చిన కాలం మాత్రం టెన్షన్ల కాలంగా కనిపించేది కాదు. రెండో ప్రపంచయుద్ధం గెలిచి నాలుగేళ్లు కాలేదు. సైన్యం నుంచి తిరిగొచ్చిన వాళ్లకు ప్రభుత్వం చదువులకూ ఇళ్లకూ సాయం చేస్తోంది. న్యూయార్క్ దగ్గర్లోనే లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి ఒకే మూసలో వేల ఇళ్లు లేస్తున్నాయి. ఫ్రిజ్, కారు, వాషింగ్ మెషీన్ అన్నీ వాయిదాల మీద దొరుకుతున్నాయి. థియేటర్లో కూర్చున్న ప్రేక్షకుడు బాగుపడుతున్న మనిషి, వేదిక మీద ఉన్నవాడు చితికిపోతున్న మనిషి. ఆ తేడా వల్లే నాటకం అంత గట్టిగా తగిలింది.

ఇంకో విషయం పైకి కనబడదు. విల్లీ జ్ఞాపకాలు ఎక్కువగా 1928 చుట్టూ తిరుగుతాయి. ఆ ఏడాది వారానికి సగటున 170 డాలర్ల కమిషన్ వచ్చిందంటాడు. యజమాని అదేం లేదంటాడు, అది వేరే సంగతి. వర్తమానం 1940ల చివర. ఈ రెంటి మధ్యా అమెరికా చరిత్రలోకెల్లా పెద్ద ఆర్థిక మాంద్యం ఉంది. సంభాషణల్లో దాని ఊసు దాదాపు వినిపించదు. విల్లీ తన పతనానికి తననే నిందించుకుంటాడు, లేదా కొడుకుని, లేదా తనకు ఆకర్షణ లేకపోవడాన్ని. దేశం మొత్తం కుప్పకూలిన సంగతి అతని లెక్కలో లేదు. మిల్లర్‌కి మాత్రం అది బాగా తెలుసు. అతని తండ్రికి ఆడవాళ్ల కోట్లు కుట్టించే వ్యాపారం ఉండేది. మాంద్యంలో అది దెబ్బతిన్నాక కుటుంబం మన్‌హాటన్‌లోని హార్లెమ్ వదిలి బ్రూక్లిన్‌లో చిన్న ఇంటికి మారింది. డబ్బు పోయిన తండ్రి ఇంట్లో ఎలా కూర్చుంటాడో చూసిన కొడుకు రాసిన నాటకం ఇది.

ఇక మేజోళ్లు. లిండా వంటగదిలో కూర్చుని తన చిరిగిన పట్టు మేజోళ్లు కుట్టుకుంటూ ఉంటుంది. అవి ఖరీదు కదా, అందుకే. అది చూడగానే విల్లీ కోపంతో ఊగిపోతాడు, నా ఇంట్లో చిరిగినవి కుట్టుకోవడమేంటి, పారేయమంటాడు. లిండాకి కారణం తెలియదు, ప్రేక్షకుడికి తెలుసు. అంతకు ముందే బోస్టన్ హోటల్ గదిలో మరో స్త్రీ నవ్వు వినిపించింది, మేజోళ్లకు థాంక్స్ అన్న మాట వినిపించింది. ఆ స్త్రీకి పాత్రల జాబితాలో పేరు కూడా లేదు. ఆమె కొనుగోలుదారుల ఆఫీసులో పనిచేస్తుంది, విల్లీని నేరుగా లోపలికి పంపిస్తానంటుంది. ఈ చిన్న మాట జారిపోకూడదు. బోస్టన్ వ్యవహారం ఒంటరితనం వల్ల మొదలైందనుకున్నా, అందులో కూడా ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. రెండు పెట్టెల మేజోళ్లు పోతే షాపులోకి దారి దొరుకుతుంది.

కుర్రవాడైన బిఫ్ లెక్కల పరీక్ష తప్పి, మాస్టారితో మాట్లాడమని తండ్రిని బతిమాలుకోవడానికి బోస్టన్ వెళ్తాడు. అక్కడ తండ్రి గదిలో ఆ స్త్రీని చూస్తాడు. అప్పుడు అతని నోటినుంచి మొదట వచ్చే అభియోగం, మోసం చేశావనో పాపం చేశావనో కాదు. అమ్మ మేజోళ్లు ఆమెకిచ్చావు! పిల్లవాడికి అర్థమైన భాష అది. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎంత కష్టపడితే వస్తుందో వాడికి తెలుసు. ఇంకో సంగతి. 1949లో ఈ దృశ్యం చూసిన ఆడవాళ్లకు మేజోళ్ల కరువు ఇంకా గుర్తుంది. యుద్ధంలో నైలాన్ పారాచూట్లకు పోయింది. యుద్ధం ముగిశాక షాపుల ముందు మేజోళ్ల కోసం తొక్కిసలాటలు జరిగాయి. కథలోనివి పట్టువే అయినా, అవి ఎంత విలువైనవో వాళ్లకు వివరించాల్సిన పని లేదు.

నాటకంలో అన్నిటికన్నా క్రూరమైన దృశ్యం బోస్టన్‌ది కాదు, ఆఫీసుది. ఊళ్లు తిరగలేను, న్యూయార్క్‌లోనే ఓ పని చూపించమని అడగడానికి విల్లీ యజమాని హోవార్డ్ దగ్గరకు వెళ్తాడు. హోవార్డ్‌కి 36 ఏళ్లు. పుట్టినప్పుడు అతని పేరు గురించి వాళ్ల నాన్న సలహా అడిగింది విల్లీనే. ఇప్పుడు హోవార్డ్ ఈ 63 ఏళ్ల మనిషితో ‘అబ్బాయ్’ అన్న ధోరణిలో మాట్లాడతాడు. అతని ధ్యాసంతా కొత్తగా కొన్న వైర్ రికార్డర్ మీద ఉంది. కూతురు ఈల వేసింది వినిపిస్తాడు, అయిదేళ్ల కొడుకు రాష్ట్రాల రాజధానుల పేర్లు అప్పజెప్పింది వినిపిస్తాడు, భార్య మాట్లాడడానికి సిగ్గుపడింది వినిపిస్తాడు. నూటయాభై డాలర్లే, నువ్వూ ఒకటి కొనుక్కో అంటాడు. రేడియోలో ఇష్టమైన ప్రోగ్రాం వచ్చే టైముకి నువ్వు ఇంట్లో లేకపోతే పనిమనిషిని రికార్డు చేయమంటే సరిపోతుందని సలహా కూడా ఇస్తాడు. పనిమనిషి! ఎదురుగా నిలబడ్డవాడు వారానికి 65 డాలర్ల జీతం అడగడానికి మాటలు కూడదీసుకుంటున్నాడు.

విల్లీ 65 అడుగుతాడు, తర్వాత 50, తర్వాత 40. జీవితమంతా అమ్మకాలు చేసిన మనిషి తన ధరను తానే దించుకుంటూ పోతాడు, అవతలివాడు ఒక్క మాట బేరమాడకుండానే. నారింజ తిని తొక్క పారేసినట్టు పారేయడానికి మనిషి పండు కాదని అరుస్తాడు. హోవార్డ్ బయటికి వెళ్లాక, విల్లీ చేయి తగిలి రికార్డర్ దానంతటదే మాట్లాడడం మొదలుపెడుతుంది. పిల్లవాడి గొంతు రాజధానుల పేర్లు చదువుకుంటూ పోతుంటే, దాన్ని ఎలా ఆపాలో తెలియక విల్లీ భయంతో కేకలు పెడతాడు. మాటే పెట్టుబడిగా బతికినవాడు మాట్లాడే యంత్రం ముందు వణికిపోవడం, వ్యాఖ్యానం అవసరం లేని ప్రతీక. తిరిగొచ్చిన హోవార్డ్ దాన్ని ఆపి, విల్లీని ఉద్యోగం నుంచి తీసేస్తాడు.

అదే దృశ్యంలో విల్లీ ఓ కథ చెబుతాడు. డేవ్ సింగిల్‌మన్ అనే 84 ఏళ్ల సేల్స్‌మన్ హోటల్ గదిలో ఆకుపచ్చ వెల్వెట్ చెప్పులు తొడుక్కుని, కుర్చీలోంచి కదలకుండా ఫోన్ల మీదే అమ్మకాలు చేసేవాడట. బోస్టన్ వెళ్లే రైల్లో చనిపోతే అంత్యక్రియలకు వందలమంది వచ్చారట. కుర్రతనంలో విల్లీని ఈ వృత్తిలోకి లాగింది ఆ దృశ్యమే. విచిత్రం ఏమిటంటే, 84 ఏళ్ల ముసలాయన ఇంకా పని చేయాల్సి రావడం ఏమిటన్న ప్రశ్న విల్లీకి ఎప్పుడూ తట్టదు. అంత్యక్రియలకు ఎంతమంది వచ్చారన్నదే అతనికి కొలత. నలుగురికీ నచ్చితే చాలు, అన్నీ నడిచొస్తాయన్నది అతని మతం. 1930ల నుంచి అమెరికాలో వ్యక్తిత్వ వికాసం పేరుతో నడిచిన పుస్తకాలూ ఉపన్యాసాలూ ఇదే నమ్మకాన్ని అమ్మాయి. విల్లీ అంత్యక్రియలకు మాత్రం ఇంట్లోవాళ్లు, పక్కింటి చార్లీ, అతని కొడుకు బెర్నార్డ్ తప్ప ఎవరూ రారు.

విల్లీ తలలో మసలే అన్న బెన్ పదిహేడేళ్లకు అడవిలోకి వెళ్లి ఇరవై ఒకటికి ధనవంతుడై బయటికొచ్చానంటాడు. ప్రతిసారీ అదే వాక్యం. మధ్యలో ఏం చేశాడో చెప్పడు. బెన్ ఒకప్పుడు వజ్రం పొదిగిన గడియారపు గొలుసు తమ్ముడికిచ్చాడు. విల్లీ దాన్ని తాకట్టు పెట్టి బిఫ్‌ని పోస్టల్ కోర్సులో రేడియో చదువుకు చేర్పించాడు. వజ్రం నాటకంలో మళ్లీ చివర్లో వస్తుంది, ఈసారి ఇన్సూరెన్స్ పాలసీ రూపంలో. చీకట్లో మెరిసే వజ్రం, చేత్తో తాకి చూడగలిగే వస్తువు అని విల్లీ మురిసిపోతాడు. తమ్ముడి చావును బెన్ ఓ వ్యాపార ప్రతిపాదనలా బేరీజు వేస్తాడు, కంపెనీ పాలసీ చెల్లదంటుందేమోనని సందేహం కూడా పెడతాడు.

ఆ పాలసీ సంగతి ఎక్కువమంది వ్యాఖ్యాతలు పట్టించుకోనిది. ప్రీమియం గడువు దాటిపోయి, గ్రేస్ పీరియడ్ నడుస్తోంది. ఉద్యోగం పోయిన విల్లీ నేరుగా చార్లీ ఆఫీసుకు వెళ్లి ప్రీమియం కోసం 110 డాలర్లు అడుగుతాడు. వారానికి 50 డాలర్లకు నా దగ్గర పనిచేయమని చార్లీ ఉద్యోగమే ఇవ్వబోతే వద్దంటాడు. తాను చచ్చిపోవడానికి కారణమైన పాలసీ బతికి ఉండడానికి అప్పు తీసుకుంటాడు గానీ, తాను బతకడానికి పనికొచ్చే జీతం తీసుకోడు. ఇన్ని రోడ్లూ రైళ్లూ తిరిగాక, బతికున్నప్పటికన్నా చచ్చాకే ఎక్కువ ధర పలుకుతానన్నమాట, అని అక్కడే అంటాడు. చచ్చినవాడికి ఏ ధరా ఉండదు విల్లీ, అంటాడు చార్లీ. నాటకంలో విల్లీ లెక్కకు అడ్డుపడిన వాక్యం ఇదొక్కటే. అతనికి వినిపించదు.

లిండా ఏం చేస్తోంది అంతవరకూ? బేస్‌మెంట్‌లో ఫ్యూజ్ బాక్స్ వెనక ఆమెకు గ్యాస్ పైపుకి తగిలించే చిన్న రబ్బరు గొట్టం దొరికింది. భర్త దాంతో ఏం చేయబోతున్నాడో ఆమెకు అర్థమైంది. రోజూ అతను బయటికి వెళ్లాక తీసేస్తుంది, ఇంటికొచ్చేసరికి మళ్లీ అక్కడే పెట్టేస్తుంది. అడిగితే అతనికి అవమానం కదా! ఆమె ప్రేమను శంకించలేం, కానీ ఈ ప్రేమ కూడా విల్లీ అబద్ధాన్ని కాపాడుతూ వచ్చింది. లిండాను త్యాగమూర్తిగా నిలబెట్టే వ్యాఖ్యానాలు ఈ గొట్టం దగ్గర తడబడక తప్పదు.

ధర లేనివి నాటకంలో రెండే కనిపిస్తాయి: విల్లీ స్వయంగా కట్టిన సిమెంటు మెట్లు, చివరి రాత్రి నాటిన విత్తనాలు. తన జీవితంలో అమ్మినవాటన్నిటికన్నా ఆ ముందు మెట్లలోనే నాన్న ఎక్కువ ఉన్నాడంటాడు బిఫ్. విల్లీ చేతులు మంచివి, సీలింగ్ వేయగలడు, వరండా కట్టగలడు. అతను ఏం సరుకు అమ్మేవాడో మిల్లర్ నాటకంలో ఎక్కడా చెప్పడు. ఏం కట్టాడో మాత్రం వివరంగా చెప్పాడు. విత్తనాల దృశ్యంలో టార్చిలైటు వెలుతురులో పొట్లం మీద రాసింది చదువుకుంటూ క్యారెట్ల మధ్య పావు అంగుళం, వరసల మధ్య అడుగు ఎడం లెక్కపెడతాడు. ఎండ పడని నేల, మొలకెత్తవని అతనికీ తెలుసు. పక్కన బెన్‌తో ఇరవై వేల బేరం నడుస్తూనే ఉంటుంది.

బిఫ్ ఆ లెక్కలోంచి బయటపడే ప్రయత్నం చేస్తాడు. అప్పు అడగడానికి వెళ్లిన ఆఫీసులో, ఎందుకో తనకే తెలియకుండా ఫౌంటెన్ పెన్ను దొంగిలించి, పదకొండు అంతస్తులు పరుగున దిగుతాడు. మధ్యలో ఆగి, నాకు అక్కర్లేని దాని కోసం ఎందుకు పరిగెత్తుతున్నానని తనను తానే అడుగుతాడు. నేను పది సెంట్లకు డజను దొరికే మామూలు మనిషిని, నువ్వూ అంతే అని రాత్రి తండ్రి ముందు బద్దలవుతాడు. తండ్రి భుజం మీద పడి ఏడుస్తాడు. విల్లీ అందులోంచి ఏరుకున్నది ఒక్కటే: వీడికి నేనంటే ఇష్టం, ఇరవై వేలు చేతిలో పడితే వీడు ఎంత గొప్పవాడవుతాడో! ప్రేమ దొరికిన మరుక్షణం దాన్ని డబ్బులోకి మార్చేశాడు. విషాదం అంటూ ఉంటే అది కారు ప్రమాదంలో కాదు, ఇక్కడ ఉంది.

అసలు ఇది విషాదనాటకమేనా అన్న వాదన మొదటి ప్రదర్శన నుంచీ ఉంది. ట్రాజెడీ అంటే రాజులు, మహావీరులు పడిపోవాలి గానీ ఓ కోతలరాయుడి చావు ట్రాజెడీ ఎలా అవుతుందని పండితుల అభ్యంతరం. నాటకం మొదలైన మూడో వారంలోనే, ఫిబ్రవరి 27న న్యూయార్క్ టైమ్స్‌లో మిల్లర్ వ్యాసం రాశాడు. తన గౌరవం నిలబెట్టుకోవడానికి ప్రాణం పణంగా పెట్టే ఎవరైనా, ఎంత సామాన్యుడైనా, ట్రాజెడీకి తగినవాడేనన్నాడు. వాదన బలమైనదే గానీ, ఈ నాటకానికి అది పూర్తిగా అమరదు. విల్లీకి చివరిదాకా కళ్లు తెరుచుకోవు. తెలుసుకున్నది కొడుకు, చచ్చిపోయింది తండ్రి. ఒక హీరో చేయాల్సిన పనిని మిల్లర్ ఇద్దరికి పంచాడనుకుంటే చిక్కు కొంత వీడుతుంది.

పెట్టుబడిదారీ వ్యవస్థ మీద దాడి అన్న ముద్ర కూడా అంత తేలిగ్గా అతకదు. నాటకంలో అందరికన్నా మంచివాడు చార్లీ, అతను వ్యాపారే. బుద్ధిగా చదువుకున్న బెర్నార్డ్ లాయరై సుప్రీంకోర్టులో వాదించడానికి వెళ్తాడు. అయినా ఆ రోజుల్లో ఈ నాటకం భయపెట్టింది. 1951లో దీన్ని సినిమాగా తీసిన కొలంబియా సంస్థ, సేల్స్‌మన్ ఉద్యోగం ఎంత గొప్పదో చెప్పే ఓ పొట్టి చిత్రం విడిగా తీయించి సినిమాతో పాటు చూపించబోయింది. మిల్లర్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. మరుసటి ఏడాదే నాటక దర్శకుడు కజాన్, కమ్యూనిస్టుల వేటలో ఉన్న అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ ముందు పాత సహచరుల పేర్లు చెప్పాడు. 1956లో అదే కమిటీ ముందు మిల్లర్ ఇతరుల పేర్లు చెప్పనన్నాడు.

సందర్భం మారితే ఇవే వస్తువులు వేరేగా పలుకుతాయి. 1983లో మిల్లర్ స్వయంగా బీజింగ్ వెళ్లి చైనా నటులతో ఈ నాటకం చేయించాడు. అనువాదం చేసిన యింగ్ రువోచెంగే విల్లీ వేషం కట్టాడు. ఊళ్లు తిరిగే సేల్స్‌మన్ అనేవాడే తెలియని ప్రేక్షకులకు, కొడుకు మీద ఆశలన్నీ కుమ్మరించిన తండ్రి మాత్రం బాగా తెలుసు. 2022లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో వెండెల్ పియర్స్ విల్లీగా, లోమన్లు నల్లజాతి కుటుంబంగా నాటకం వచ్చింది. మాటలు చాలావరకు పాతవే. కానీ తనకన్నా చిన్నవాడైన తెల్ల యజమాని ముందు 65 నుంచి 40కి దిగుతున్న నల్లవాడిని చూస్తే, ఆ బేరంలో ఒక్క విల్లీ సంగతే లేదని తెలుస్తుంది. నల్లవాళ్లుండే వీధులకు గృహరుణాలు ఇవ్వకూడదని మ్యాపుల మీద ఎర్ర గీతలు గీసిన కాలంలో, బ్రూక్లిన్‌లో ఓ నల్ల కుటుంబం పాతికేళ్ల ఇంటి అప్పు చివరి వాయిదా దాకా తీర్చుకొచ్చిందంటే, అది విల్లీ చెప్పుకునే ఏ గొప్ప అమ్మకం కన్నా పెద్ద విజయం. దాన్ని కూడా విల్లీ గెలుపు కింద లెక్కవేసుకోడు.